నెవెంకా పెట్టిన తలకట్టు

నెవెంకాకు కోపం పొద్దున తొమ్మిదింటికే మొదలయ్యేది. కోటు విప్పి కుర్చీకి తగిలించేది, కాఫీ తెచ్చుకునేది, కంప్యూటరు తెరిచేది. అంతే, ముందురోజు ఎవరో రాసిన వాక్యమొకటి కంటబడేది. అందులో అక్షరాలన్నీ బోడిగుండ్లతో వరసగా నిలబడి ఉండేవి. "మీరు బడికెళ్ళార్రా, గొర్రెలు కాశారా?" అని ఒకరిననకుండా అందరికీ వినబడేలా అనేది.

సెర్బియన్ అక్షరాలు కొన్నిటికి నెత్తిన చిన్న గుర్తు ఉంటుంది, అచ్చం తెలుగు తలకట్టులాగే. అది ఉంటే ష, లేకపోతే స. ఉంటే చ, లేకపోతే త్స. పాత కంప్యూటర్లలో ఆ గుర్తు కొట్టడానికి మీట ఉండేది కాదు. అందుకని ఇంజినీర్లు అది లేకుండానే రాయడం మరిగారు. మీటలు వచ్చి ముప్పై ఏళ్ళయినా ఆ అలవాటు వదల్లేదు. జనం దానికి గుండు లిపి అని పేరు కూడా పెట్టి ముద్దు చేశారు. సోమరితనానికి పేరు పెడితే అదో పద్ధతి అయిపోతుంది మరి.

బేగెయ్ నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో వోయిన్ కంపెనీ అంటే పాతికమంది. కాలువల్లో నీళ్ళు పొంగినప్పుడు వాటిని నదిలోకి తోడిపోసే పంపులుంటాయి. ఆ పంపులను నడిపే ప్రోగ్రాములు రాయడం వీళ్ళ పని. నెవెంకాను తీసుకున్నది పంపులు ఎలా వాడాలో చెప్పే పుస్తకాలు రాయడానికి. ఆ పని మీద ప్రోగ్రాము తెరిచిన మొదటి వారంలోనే ఆమెకు కామెంట్లు కంటబడ్డాయి. ప్రోగ్రాము మధ్యమధ్యలో మనుషులు మనుషుల కోసం రాసుకునే మాటలవి. యంత్రం వాటిని దాటేసి పోతుంది. ఒక్కో దాంట్లో నాలుగు తప్పులు. నెవెంకా కళ్ళద్దాలు సర్దుకుని దిద్దడం మొదలుపెట్టింది. ఎవరూ అడగలేదు, ఎవరూ వద్దనలేదు. ఆరేళ్ళు గడిచాయి.

"తలకట్టు పిన్ని వచ్చింది, టోపీలు పెట్టుకోండిరోయ్" అనేవాడు రెల్యా. ముప్పై ఒక్క ఏళ్ళవాడు, ప్రోగ్రాము రాసేవాళ్ళందరికీ పెద్ద. ఎవరు ఏ మార్పు పంపినా అతను చూసి పచ్చగుర్తు పెడితేనే లోపలికి వెళ్తుంది. నెవెంకా పంపినవాటికి అతను తెరవకుండానే పచ్చగుర్తు పెట్టేసేవాడు.

"ఒక్కసారైనా చదివి పెట్టరా ఆ గుర్తు!"

"ఎందుకు పిన్నీ? యంత్రమే చదవదు."

"యంత్రం చదవదని నువ్వూ చదవవా? నువ్వు యంత్రం కంటే కనాకష్టమా?"

"సరే సరే, కోప్పడకు. బురెక్ తెప్పించాను, మాంసందే, వేడిగా ఉంది, తిను."

ఆమె ఆ మాంసం పొరల రొట్టె కోపంగానే తినేది, దాంతో ఇచ్చిన పెరుగు కోపంగానే తాగేది. ఒక్క మాట మాత్రం ఇక్కడే చెప్పాలి. కామెంటు కింద ఉండే లెక్కలూ గుర్తుల వైపు ఆమె కన్నెత్తి చూసేది కాదు. "అది మీ వంట, నాకక్కర్లేదు. మీ మాటలు దిద్దడమే నా పని" అనేది. కామెంట్లను యంత్రం ఎలా దాటేసేదో, యంత్రం మాటల్ని ఆమె అలా దాటేసేది. అందులో ఆమెకు గర్వం కూడా ఉండేది.

ఈ కోపం కంపెనీలో పుట్టింది కాదు. అంతకుముందు ఇరవై రెండేళ్ళు ఆమె ఊరి వారపత్రికలో ప్రూఫులు దిద్దింది. పత్రికలో మొదటి పేజీ ఎవరు చదివినా చదవకపోయినా, చనిపోయినవాళ్ళ ఫోటోలూ పేర్లూ వేసే పేజీలు మాత్రం ఊరంతా చదివేది. ఒక గురువారం షారిచ్ అనే ఇంటిపేరు సారిచ్ అని అచ్చయింది. ఆ రోజు నెవెంకా పంటినొప్పని ఇంటికి త్వరగా వెళ్ళిపోయింది. మర్నాడు నల్లబట్టలు కట్టుకున్న తల్లి పత్రిక పట్టుకుని వచ్చి బల్ల ముందు కూర్చుంది. అరవలేదు, ఏడవలేదు. "మీరు వేరే ఎవరి కొడుకునో పాతిపెట్టారమ్మా. నావాడేడీ?" అని అడిగింది. తర్వాతి వారం సవరణ వేశారు, గోరంత అక్షరాల్లో. ఆ తల్లి ముఖం ఆమెకు ఆ తర్వాత ప్రతి బోడి అక్షరంలోనూ కనిపించేది. పత్రిక మూతపడిన రోజున ఆమె ఇంటికి తెచ్చుకున్నది ఒక ఎర్రపెన్సిలు మాత్రమే.

అందుకే కంపెనీలో వాళ్ళు నవ్వినా ఆమె ఆగలేదు. ప్రోగ్రాములో ప్రతి లైను పక్కనా దాన్ని ఆఖరున ముట్టుకున్నవాళ్ళ పేరు, తేదీ ఉంటాయి. ఆరేళ్ళలో పదకొండు వందల లైన్ల పక్కన నెవెంకా పేరు చేరింది.

ఏప్రిల్‌లో కాలువలు పొంగాయి. చలికాలమంతా ఊరికే పడున్న పంపులు అన్నీ ఒకేసారి నడిచాయి. రెండో రోజు మధ్యాహ్నం మూడో నంబరు పంపుహౌసులో పెద్ద గొట్టం అతుకు దగ్గర పగిలింది. విడిపోయిన ఇనప రేకు వచ్చి కాపలాదారు లాయోష్ కుడిచేతిని మోచేతి పైన రెండుచోట్ల విరగ్గొట్టింది.

లాయోష్ అంటే నెవెంకాకు ప్రాణం. మూడో నంబరు పుస్తకం రాయడానికి వెళ్ళినప్పుడు మూడు రోజులు ఆ పంపుహౌసులోనే కూర్చుంది. ఆయన మంట మీద ఇనప కుండ వేలాడదీసి, ఎర్రగా మిరప్పొడి వేసి చేపల పులుసు వండి పెట్టాడు. హంగేరియన్ మనిషి. ఆ భాషలో స రాసినా ష అనే పలుకుతారు. పుస్తకం చివర ఫోన్ నంబర్ల పేజీలో నెవెంకా ఆయన పేరు చివర స మీద తలకట్టు పెడితే, ఆయన ఆ ప్రూఫు కాగితం అడిగి తీసుకుని పెన్నుతో కొట్టేశాడు. "నా పేరుకు టోపీ వద్దు చెల్లెమ్మా. ఏమీ పెట్టకపోయినా మావాళ్ళకు తెలుసు" అన్నాడు. ప్రపంచంలో నెవెంకా ఒప్పుకుని వదిలేసిన బోడి అక్షరం అదొక్కటే.

పంపు ఆపిన తర్వాత కూడా గొట్టంలో నీళ్ళు కాసేపు ఉరుకుతూనే ఉంటాయి. అవి నెమ్మదించకముందే గేటు మూస్తే ఆ విసురంతా గొట్టం మీద పడుతుంది. గొట్టం అలాగే పగిలింది. అయితే గేటు ముందే ఎందుకు మూసుకుంది? వారం తిరక్కుండా కంపెనీ కాలువల ఆఫీసుకు ఉత్తరం రాసింది. ప్రోగ్రాములో లోపం లేదట. కాపలాదారు చేత్తో తిప్పే చక్రం పట్టుకుని గేటు మూసి ఉంటాడట. శుక్రవారం విచారణ. తప్పు ఆయనదని తేలితే పందొమ్మిదేళ్ళ ఉద్యోగం అక్కడితో సరి.

నెవెంకా ఆసుపత్రికి వెళ్ళింది. "లాయోష్ అన్నా, నిజం చెప్పు. చక్రం ముట్టుకున్నావా?"

"ఆ చక్రం మీద నా టమాటా మొక్కల కుండీలున్నాయి చెల్లెమ్మా" అన్నాడాయన. "అవి తీయకుండా ఎలా తిప్పుతాను? గేటు దానంతటదే వచ్చి పడింది. ఎవరికి చెప్పినా పిచ్చివాణ్ణి చూసినట్టు చూస్తున్నారు."

ఆమె ఆసుపత్రి మెట్లు దిగుతుంటే ఒళ్ళంతా కారం రాసుకున్నట్టు మండింది. తప్పులు రాసేది వీళ్ళు, చెయ్యి విరిగేది ఆయనకి. పైగా ఉత్తరం రాస్తారా? అదీ గుండు లిపిలో!

బుధవారం ఆమె మూడో నంబరు ప్రోగ్రాములో ఈ ఏడాది జరిగిన మార్పుల చిట్టా తీసింది. రెండే ఉన్నాయి. జనవరిలో తను పంపింది: అక్షరదోషాలు, రెండు వందల పద్నాలుగు లైన్లు. దాన్ని చూపు ఆనకుండా దాటేసింది. ఫిబ్రవరిలో రెల్యా పంపింది: "గేటు ఆలస్యం తీసేశాను." దొరికాడు! ఆ పేజీ అచ్చుతీసి, రెల్యా పేరు చుట్టూ ఎర్రపెన్సిలుతో సున్నా చుట్టింది. పనిలో పనిగా ఆ ముక్కలో లేని తలకట్లు కూడా పెట్టింది. సరాసరి వెళ్ళి అతని బల్ల మీద కొట్టింది.

"ఇదిగోరా నీ పేరు! నువ్వు తీసేశావు ఆలస్యాన్ని. ముసలాయన చెయ్యి విరిచిన చెయ్యి ఇదే. ఇప్పుడు చెప్పు యంత్రం చదవదని!"

పాతికమందీ తలెత్తి చూశారు. అద్దాల గదిలోంచి కంపెనీ యజమాని వోయిన్ కూడా బయటికి వచ్చాడు. రెల్యా కాగితం చదివాడు. ముఖం పాలిపోయింది. తెర మీద ఆ ఫైలు తెరిచాడు.

"నేనే తీశాను" అన్నాడు. "వంద సెకన్లు ఆగమని ఉంది. తీసేశాను. ఎందుకు తీశానో చూడు పిన్నీ. దాని పై లైను."

పై లైను కామెంటు. పన్నెండేళ్ళ కిందట జివన్ రాసింది. ఈ ప్రోగ్రాము మొదట కట్టినవాడు అతనే, ఇప్పుడు పనిమాని తేనెటీగలు పెంచుకుంటున్నాడు. జివన్ గుండు లిపిలో రాశాడు: పంపు ఆపు "స్తో ప్రె", తర్వాత గేటు. జనవరిలో ఎవరో ఆ స నెత్తిన తలకట్టు పెట్టారు. ఇప్పుడక్కడ "ష్తో ప్రె" అని ఉంది.

ష్తో ప్రె అంటే వీలైనంత త్వరగా. ఊళ్ళో అందరూ రోజుకు పదిసార్లు అనే మాట. స్తో అంటే నూరు. స్తో ప్రె అంటే నూరు ముందు: గేటుకు నూరు ముందు పంపు ఆపాలని.

లైను పక్కన పేరు చూడక్కర్లేదు. అయినా చూసింది. నెవెంకా.

"నువ్వే రాశావు కదా వీలైనంత త్వరగా అని" అన్నాడు రెల్యా. అతని గొంతులో వెక్కిరింత లేదు, అదే ఆమెను చంపేసింది. "పైన త్వరగా అని ఉంది, కింద వంద ఆగు అని ఉంది. రెండిట్లో ఏదో ఒకటి తప్పు. జివన్ రాతైతే కామెంటునే అనుమానించేవాణ్ణి. నీది కాబట్టి కిందది తప్పనుకున్నాను. ఈ ప్రోగ్రాము మొత్తంలో నేను నమ్మే కామెంట్లు నువ్వు దిద్దినవే పిన్నీ."

ఆమెకు తలకొట్టేసినట్టయింది. ఆరేళ్ళుగా ఎవడైనా ఒకడు చదివితే చాలునని తిట్టిపోసింది. చదివాడు. ఎక్కడ చదవకూడదో అక్కడే చదివాడు.

జివన్‌కు ఫోన్ చేసింది. "మూడో నంబరు గేటు దగ్గర స్తో ప్రె అని రాశావు. ఏమిటర్థం?"

"వంద. ఇంకేముంటుంది?" వెనకాల తేనెటీగల రొద వినబడుతోంది.

"వంద ఏమిటో రాయడానికి నీకేం రోగం? సెకన్లని రాస్తే వేళ్ళు అరిగిపోతాయా? నిమ్మళంగా తలకట్లు పెట్టుకుని రాసి ఉంటే..."

"ఏ తలకట్టు? స్తోకి తలకట్టు ఉండదుగా. నేను రాసింది సరిగ్గానే ఉంది నెవెంకా" అన్నాడు జివన్ అమాయకంగా. "అయినా వంద అని అంకెల్లో కింద లైన్లోనే ఉంది. చూడలేదా?"

ఆమె ఫోన్ పెట్టేసింది. తెర మీద ఆ కింద లైను ఇంకా ఉందో లేదో కూడా చూడలేకపోయింది.

వోయిన్ ఆమెను గదిలోకి పిలిచి తలుపు వేశాడు. మంచినీళ్ళిచ్చాడు. మెత్తగా మాట్లాడే మనిషి, ఇంత మెత్తన ఆరోగ్యానికి మంచిది కాదు.

"చూడండమ్మా, కామెంటు వల్ల గొట్టం పగలదు. యంత్రం కామెంటు చదవదు. మీకు దీంతో సంబంధమే లేదు. రెల్యా ఆ వంద మళ్ళీ పెట్టేస్తాడు. పాత చిట్టాలో ఆ రెండు మార్పులూ కనబడకుండా చెయ్యడం పెద్ద పనేం కాదు."

"మరి లాయోష్?"

"ఆయనకు ఇంకెంత, రెండేళ్ళుంది పనిమానడానికి. కాస్త ముందు మానతాడు."

"ఆ మాట ఆయన విరిగిన చేతికి చెప్పండి వెళ్ళి."

"మీ మంచికే చెబుతున్నాను. ఇది బయటికొస్తే ముందు ఊడేది మీ ఉద్యోగమే. యాభై ఎనిమిదేళ్ళ వయసులో తలకట్లు పెట్టే పని మళ్ళీ ఎవరిస్తారు మీకు?"

నెవెంకా తన బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. కోపం ఎటు పోవాలో తెలియక లోపలే తిరిగింది. వోయిన్ చెప్పింది ఎంత హాయిగా ఉందో! కామెంట్లు ఎవరూ చదవరు అని ఒప్పుకుంటే చాలు, తను బయటపడుతుంది. కాకపోతే ఆరేళ్ళు గాలికి దిద్దినట్టు. చదువుతారు అంటే ఆరేళ్ళూ నిజమే. అప్పుడు లాయోష్ చెయ్యి విరగ్గొట్టింది తనే. రెండూ ఒకేసారి కుదరవు. ఛీ, ఏం బతుకిది అనుకుంది. పత్రిక బల్ల ముందు కూర్చున్న నల్లబట్టల తల్లికి కూడా ఎవరో అప్పుడు మెత్తగా చెప్పారు: ఒక్క అక్షరమే కదమ్మా.

ఆమె కాగితం తీసి, పత్రికలో సవరణ వేసే పద్ధతిలోనే రాసింది.

శుక్రవారం పదింటికి కాలువల ఆఫీసు రెండో అంతస్తులో ముగ్గురు అధికారులు కూర్చున్నారు. లాయోష్ చెయ్యి మెడకు వేలాడేసుకుని కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. వోయిన్ లేచి ఉత్తరంలో రాసిందే మళ్ళీ చెప్పబోయాడు. నెవెంకా అడ్డొచ్చి, ఎవరూ పిలవకుండానే నిలబడి చదివింది.

"సవరణ. మూడో నంబరు గేటు ప్రోగ్రాములో 'ష్తో ప్రె' అని ఉన్నచోట 'స్తో ప్రె' అని ఉండాలి. మొదట రాసినవారు సరిగ్గానే రాశారు. జనవరి పదిహేడున దాన్ని తప్పుగా దిద్దినది నేను. దాన్ని నమ్మి ఫిబ్రవరిలో వంద సెకన్ల ఆలస్యం తీసేశారు. కాపలాదారు గేటు ముట్టుకోలేదు. నెవెంకా, ప్రూఫ్‌రీడరు."

మధ్యలో కూర్చున్న అధికారి కళ్ళజోడు తీశాడు. "అంటే ఏమంటారు, ఒక చిన్న గుర్తు..."

"చిన్న గుర్తు అనకండి!" ఆమె గొంతు గదంతా మోగింది. "ఇప్పుడు కూడా అదే మాటా? ఆ చేతిని చూసి చెప్పండి చిన్నదో పెద్దదో! నేను పెట్టాను. కింద ఏముందో చూడకుండా, నాకంతా తెలుసన్న పొగరుతో పెట్టాను. రాయండి, అలాగే రాయండి."

వెనక కుర్చీలోంచి రెల్యా లేచాడు. అతన్నీ ఎవరూ పిలవలేదు. "వంద తీసింది నేను. ఆమె పంపినదాన్ని చదవకుండా పచ్చగుర్తు పెట్టిందీ నేనే" అని చెప్పి కూర్చున్నాడు. అధికారి నివేదికలో లాయోష్ పేరున్న లైనును అడ్డంగా కొట్టేశాడు. వోయిన్ నెవెంకా వైపు చూడకుండానే, "సాయంత్రం అయిదింటికి మీకు ప్రోగ్రాములోకి దారి మూసేస్తున్నాను" అన్నాడు.

వరండాలో లాయోష్ ఆమె కోసం ఆగాడు. కౌగిలించుకుంటాడేమోనని ఒక్క క్షణం ఆమె పిచ్చి మనసు ఆశపడింది. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నా పేరు మీదే టోపీ పెట్టనివ్వలేదు కదా నిన్ను" అన్నాడు. "తీసుకెళ్ళి నా గొట్టం మీద పెట్టావా?"

"లాయోష్ అన్నా..."

"ఇప్పుడేం మాట్లాడకు. నాకు కోపంగా ఉంది. ఈ చేత్తో ఇంకెప్పుడు కుండ ఎత్తుతానో నాకే తెలీదు." రెండడుగులు వేసి ఆగాడు. "అది సరిచేసేటప్పుడు నాకు చదివి వినిపించు. నేను వినకుండా ఒక్క ముక్క లోపలికి పంపావంటే ఊరుకోను."

ఆఫీసుకు తిరిగి వచ్చేసరికి మూడున్నర. రెల్యా అప్పటికే అంకె తిరిగి పెట్టాడు. కామెంటు మాత్రం ముట్టుకోలేదు. "ఆ లైను నువ్వే దిద్దు పిన్నీ. ఈసారి చదివే గుర్తు పెడతాను, ఒట్టు" అన్నాడు. నవ్వబోయి నవ్వలేకపోయాడు.

ఆమె తలకట్టు తీసేసింది. నూరు అని వదిలేయకుండా మొత్తం విడమరిచి రాసింది. ఫోన్ తీసి లాయోష్‌కు చేసి, స్పష్టంగా, ఒక్కో అక్షరమూ పలుకుతూ చదివింది: "ముందు పంపు ఆపాలి. ఆపిన వంద సెకన్ల తర్వాతే గేటు మూయాలి."

"మళ్ళీ చదువు."

చదివింది.

"మళ్ళీ."

మూడోసారీ చదివింది.

"సరే. దాని కింద ఏముంది?"

ఆరేళ్ళలో మొదటిసారి నెవెంకా కళ్ళద్దాలు సర్దుకుని తెరకు దగ్గరగా వంగింది. కామెంటు కింద లైను మీద వేలు పెట్టి, కూడబలుక్కుని చదువుకుంటూ సమానం గుర్తు దాటి ఆఖరిదాకా వెళ్ళింది.

"వంద" అంది.